ఊకొడితే ఎదిగే మెదడు

1987లో హైదరాబాద్ దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ ఉప్మా పెట్టడం మొదలైంది. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనెతో చేసిన ఉప్మా. పిల్లల వంతు సుమారు 300 కేలరీలు, గర్భిణుల వంతు సుమారు 500. పక్క పల్లెలకు ఆ ఉప్మా రాలేదు. ఎవరూ కావాలని ఆపలేదు. మనం అంగన్‌వాడీ అని పిలుచుకునే ఐసీడీఎస్ పథకం అప్పట్లో ఒక్కో బ్లాకుకే విస్తరిస్తూ వస్తోంది. ఆ పల్లెల వంతు ఇంకా రాలేదు, అంతే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఈ తేడాను పరిశోధనకు వాడుకుంది. పథకం అందిన 15 పల్లెలు ఒకవైపు, అందని 14 పల్లెలు ఇంకోవైపు. 1990 దాకా పుట్టిన బిడ్డల బరువులు తూచి చూస్తే ఉప్మా తిన్న తల్లుల బిడ్డలు కాస్త బరువుగా ఉన్నారు. ఆ కాస్త తేడాకు పెద్ద సంబరమేమీ జరగలేదు.

అసలు సంగతి 2003-05 మధ్య పరిశోధకులు మళ్లీ అవే పల్లెలకు వెళ్లినప్పుడు బయటపడింది. అప్పటికి ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లయ్యారు. 1,165 మందిని కొలిచారు. ఉప్మా పల్లెల వాళ్లు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. ఇన్సులిన్ పనితీరు మెరుగ్గా ఉంది, రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. తర్వాత చదువుల లెక్కా తీశారు. ఉప్మా పల్లెల పిల్లలు సగటున 0.84 తరగతి ఎక్కువ చదివారు. దాదాపు ఒక ఏడాది బడి అన్నమాట. ఇరవైల్లోకి వచ్చాక ఉద్యోగంలోనో పైచదువులోనో ఉండే అవకాశం కూడా వాళ్లకే కొంత ఎక్కువగా కనిపించింది.

పల్లెలను చీటీలు తీసి విడగొట్టలేదు కాబట్టి ఈ తేడా అంతా ఉప్మాదేనని ఒట్టు పెట్టి చెప్పలేం. అంగన్‌వాడీతో పాటు టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పూర్వ ప్రాథమిక చదువు కూడా వచ్చాయి. కానీ పసితనంలో పడిన తేడా పదిహేనేళ్ల తర్వాత హాజరు పట్టీలో కనిపించడం మాత్రం నిజం. తిన్న ఉప్మా ఆ పూటకే అరిగిపోయింది కదా, మరి మిగిలిందేమిటి?

పొలంలో బాటలు

పుట్టినప్పుడు బిడ్డ మెదడులో నాడీకణాలు దాదాపు అన్నీ ఉంటాయి. లేనివల్లా వాటి మధ్య అతుకులు. తొలి ఏళ్లలో ఆ అతుకులు సెకనుకు పది లక్షలకు పైగా పుడతాయని అంచనా. అవసరమైన వాటికంటే చాలా ఎక్కువ. తర్వాత ఏరివేత మొదలవుతుంది. వాడుకలో ఉన్నవి నిలుస్తాయి, వాడనివి పోతాయి.

కోత అయిపోయిన పొలంలో మనుషులు నడిచే తీరు గుర్తు చేసుకుంటే ఇది అర్థమవుతుంది. మొదట ఎవరికి తోచిన దారిన వాళ్లు అడ్డంగా పోతారు. పది రోజులు గడిచేసరికి ఒకటి రెండు బాటలు గట్టిపడతాయి. నడవని దారుల్లో గడ్డి మొలుస్తుంది. బిడ్డ మెదడులో నడక అంటే అనుభవం: చూసిన ముఖం, విన్న మాట, పట్టుకున్న గిలక్కాయ, బోర్లా పడే ప్రయత్నం. పోలిక ఇక్కడిదాకానే పనికొస్తుంది. పొలంలో ఎప్పుడు నడిచినా బాట పడుతుంది. మెదడులో ఒక్కో పనికీ బాట తేలిగ్గా పడే కాలం ఒకటుంటుంది, అది దాటాక అదే పనికి చాలా ఎక్కువ శ్రమ కావాలి.

ఈ కాలాలు అన్ని పనులకూ ఒకటి కావు. చూపు చూసుకునే భాగంలో అతుకులు దాదాపు ఎనిమిదో నెలకు పతాక స్థాయికి చేరి తగ్గడం మొదలెడతాయి. ఆలోచన, నిగ్రహం చూసుకునే నుదుటి వెనుక భాగంలో ఏరివేత యవ్వనం దాకా సాగుతుంది. అందుకే ‘మొదటి వెయ్యి రోజులు దాటితే ఇక అంతే’ అన్న నినాదాన్ని అక్షరాలా నమ్మకూడదు. ఆ మాట పోస్టర్లకు బాగుంటుంది. నాలుగేళ్ల పిల్లతో వచ్చిన తల్లికి అది చెప్పి పంపేస్తే మాత్రం అన్యాయం.

[బాక్సు] తిండి మెదడులో ఏం చేస్తుంది?

*పెద్దవాళ్ల మెదడు విశ్రాంతిలో ఉన్నప్పుడు ఒంటికి కావాల్సిన శక్తిలో అయిదో వంతు తీసుకుంటుంది. నాలుగైదేళ్ల పిల్లల్లో ఈ వాటా మూడింట రెండు వంతుల దాకా పోతుంది. ఆ వయసులో ఒళ్లు నెమ్మదిగా పెరగడానికి ఒక కారణం ఇదేనంటారు. శక్తి తక్కువైతే ఒళ్లు ముందు ఎదుగుదలను తగ్గించుకుంటుంది, ఆటను తగ్గించుకుంటుంది. ఆడని బిడ్డ లోకాన్ని తక్కువ చూస్తుంది.*

*ఇనుము లేకపోతే నాడీ తంతువుల చుట్టూ కొవ్వు పొర సరిగా ఏర్పడదు. ఆ పొర ఉంటేనే సంకేతాలు వేగంగా పోతాయి. అయోడిన్ లేకపోతే థైరాయిడ్ హార్మోన్ తయారు కాదు, అది లేకపోతే నాడీకణాలు తమ చోట్లకు చేరి కొమ్మలు వేయడం కుంటుపడుతుంది.*

*2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంతకు ముందు సర్వేలో వీళ్లు 28 శాతమే. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు 70 శాతం.*

తెరిచినా చూడని కన్ను

1960లలో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పుట్టిన కొద్ది వారాల పిల్లికూనల కన్నొకటి కొన్నాళ్లు మూసి ఉంచారు. తర్వాత తెరిచారు. కన్ను బాగానే ఉంది. కానీ ఆ కంటి నుంచి వచ్చే సంకేతాలను అందుకోవాల్సిన మెదడు కణాలు అప్పటికే రెండో కంటికి దఖలు పడిపోయాయి. తెరిచిన కన్ను చూడలేకపోయింది. ఇదే పని పెద్ద పిల్లికి చేస్తే ఏమీ కాలేదు. 1981లో వాళ్లకు నోబెల్ వచ్చింది.

కంటి డాక్టర్ల తొందర వెనుక ఉన్నది ఇదే. పుట్టుకతో శుక్లం ఉన్న బిడ్డ కంటిపాప తెల్లగా కనిపిస్తుంది. ఒక కంటికే శుక్లం ఉంటే తొలి ఆరు నుంచి ఎనిమిది వారాల్లోనే ఆపరేషన్ చేయాలని చూస్తారు. అరవై ఏళ్ల తాతకు ఏడాది ఆగి శుక్లం తీసినా చూపు వస్తుంది. ఏడాది ఆగిన బిడ్డకు కన్ను బాగయినా మెదడు దాన్ని వాడుకోవడం నేర్వలేకపోవచ్చు.

అయితే పవన్ సిన్హా అనే ఎంఐటీ శాస్త్రవేత్త మన దేశంలో నడిపిన ‘ప్రాజెక్ట్ ప్రకాశ్’ ఇంకో సంగతి చూపించింది. పుట్టుగుడ్డిగా ఏళ్ల తరబడి ఉండి ఆలస్యంగా ఆపరేషన్ అయిన పిల్లలు కూడా కొన్ని నెలల్లో ముఖాలను, వస్తువులను పోల్చుకోవడం నేర్చారు. చూపు పదును పూర్తిగా రాలేదు గానీ బతుకు మారేంత వచ్చింది. తలుపు మూసుకుంటుందనడం కంటే బరువెక్కుతుందనడం నిజానికి దగ్గర.

చెవి సంగతీ అంతే. అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం వినికిడి లోపం ఉన్న 150 మంది పిల్లలను పోల్చింది. ఆరు నెలలలోపే లోపం కనిపెట్టి సాయం మొదలుపెట్టిన వాళ్ల భాష, ఆలస్యంగా కనిపెట్టిన వాళ్ల భాష కంటే స్పష్టంగా ముందుంది. లోపం ఎంత తీవ్రమన్నదాని కంటే ఎప్పుడు తెలిసిందన్నదే ఎక్కువ తేడా చూపించింది. 1998లో వచ్చిన ఈ ఫలితం తర్వాత పుట్టిన ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష చేయాలన్న వాదన బలపడింది. మన ఊళ్లలో వినికిడి లోపం చాలాసార్లు ‘మాటలు లేట్’ అన్న పేరుతో రెండేళ్లు, మూడేళ్లు దాక్కుంటుంది. ‘వాళ్ల నాన్నకూ మూడేళ్లకే మాటలొచ్చాయి’ అనే నాయనమ్మ అబద్ధం చెప్పదు. ఆలస్యంగా మాట్లాడే పిల్లల్లో చాలామంది నిజంగానే తర్వాత అందుకుంటారు. ఎవరు అందుకుంటారో, ఎవరు అందుకోరో ముఖం చూసి చెప్పలేం కాబట్టే పరీక్ష.

రోజుకో మాత్ర

ముందే పట్టుకుంటే ఏమవుతుందో అన్నిటికంటే సూటిగా చూపించేది థైరాయిడ్. పుట్టుకతోనే ఆ గ్రంథి పని చేయని బిడ్డ మొదట మామూలుగానే కనిపిస్తుంది. కడుపులో ఉన్నప్పుడు తల్లి హార్మోను కొంత కాపాడుతుంది గనుక పుట్టినప్పుడు లక్షణాలు బయటపడవు. వారాలు గడిచేకొద్దీ మందకొడిగా ఉండటం, మలబద్ధకం, బొంగురు ఏడుపు మొదలవుతాయి. ‘బుద్ధిమంతుడు, అసలు ఏడవడు’ అని మురిసిపోయే ఇళ్లూ ఉంటాయి. నెలల తర్వాత కనిపెట్టి మందిచ్చినా పోయిన తెలివి పూర్తిగా తిరిగిరాదు. పుట్టిన రెండు మూడు వారాల్లోపు రోజూ చిన్న మాత్ర మొదలుపెడితే చాలామంది పిల్లలు తోటివాళ్లలాగే ఎదుగుతారు.

హైదరాబాద్‌లో నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువుల రక్తం పరీక్షించినప్పుడు సుమారు 1,700 మందిలో ఒకరికి ఈ లోపం తేలింది. పరీక్షకు కావాల్సింది మడమ నుంచి కొన్ని చుక్కల రక్తం. ఇంత తేలికైన పని కూడా ప్రతి ప్రసవ గదిలోనూ మామూలు పని కాలేదన్నది ఆలోచించాల్సిన విషయం.

మెదడు దెబ్బతిని కదలికలు కుంటుపడే సెరెబ్రల్ పాల్సీకి అలాంటి మాత్ర లేదు. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టిన వెంటనే మెదడుకు ఆక్సిజన్ అందకపోవడం లాంటి వాటివల్ల దెబ్బతిన్న భాగం మళ్లీ మామూలు కాదు. కానీ పక్క భాగాలు కొంత పనిని నెత్తికెత్తుకోగలవు, వాటికి సాధన అందితే. ఒక చెయ్యి బలహీనంగా ఉన్న పసిబిడ్డకు రోజూ కొంతసేపు బాగున్న చేతికి మెత్తటి తొడుగు వేసి, బలహీనమైన చేత్తోనే బొమ్మ అందుకునేలా ఆడిస్తారు. బాగున్న చెయ్యి అన్ని పనులూ చేసేస్తుంటే రెండో చేతి దారులు వాడుకలో లేక పోతాయి కదా, దాన్ని ఆపడమే ఈ ఆట ఉద్దేశం. బిడ్డ మొదట్లో ఏడుస్తుంది, తల్లి మనసు ఒప్పదు. తల్లిని పక్కన కూర్చోబెట్టి కారణం చెప్పడం చికిత్సలో భాగమయ్యేది అందుకే.

వారానికి ఒక గంట

తిండి అందింది, చెవీ కన్నూ బాగున్నాయి. అయినా పేదింటి పిల్లలు బడిలో చేరే వేళకే వెనకబడి ఉండటం ప్రపంచమంతా కనిపిస్తుంది. దీని మీద అందరూ చెప్పుకునే ప్రయోగం జమైకాలోది. 1986-87లో కింగ్‌స్టన్ పేదవాడల్లో ఎత్తు తక్కువగా ఉన్న 129 మంది పిల్లలను శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం నాలుగు గుంపులు చేసింది. అప్పటికి వాళ్ల వయసు తొమ్మిది నుంచి ఇరవై నాలుగు నెలలు. ఒక గుంపుకు వారానికి కిలో పాలపొడి లాంటి ఆహారం. ఒక గుంపు ఇంటికి వారానికోసారి ఆరోగ్య కార్యకర్త వచ్చి, గంటసేపు తల్లితో కలిసి బిడ్డను ఆడించేది. మూడో గుంపుకు రెండూ. నాలుగో గుంపుకు ఏదీ లేదు. రెండేళ్లు నడిపారు.

ఇరవై ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని చూస్తే, ఆట అందిన వాళ్ల సంపాదన అందని వాళ్ల కంటే 25 శాతం ఎక్కువ. ఆహారం మాత్రమే అందిన గుంపులో అలాంటి తేడా నిలవలేదు.

మరి హైదరాబాద్ ఉప్మా? అక్కడ తిండి పని చేసింది కదా? రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే వైరుధ్యం అంత పెద్దదేం కాదు. మన పల్లెల్లో తిండి తల్లి కడుపులో ఉండగానే మొదలైంది, ఆరేళ్ల దాకా సాగింది. కింగ్‌స్టన్‌లో పిల్లల ఎదుగుదల అప్పటికే కుంటుపడ్డాక మొదలైంది. పైగా ఇంటికిచ్చిన పొడి ఆ ఒక్క బిడ్డకే చేరుతుందన్న నమ్మకం ఎక్కడా ఉండదు. మన దగ్గర ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం రెండున్నర కిలోల పొట్లాన్ని అన్నా చెల్లెళ్లూ గుప్పెళ్లతో పంచుకోవడం ఎవరికి తెలియదు? 2015 జనవరి నుంచి అమల్లో ఉన్న ఆరోగ్యలక్ష్మిలో గర్భిణులను, బాలింతలను కేంద్రానికే పిలిచి అన్నం, పప్పు, గుడ్డు, పాలు అక్కడే పెట్టడం వెనుక ఈ లెక్కే ఉంది.

ఆట సంగతికొస్తే, ఆ గంటలో జరిగింది మహా విద్యేమీ కాదు. బిడ్డ ఒక శబ్దం చేస్తే తల్లి దానికి జవాబివ్వడం. బిడ్డ చూసిన వస్తువు పేరు చెప్పడం. ఖాళీ సీసా, గుడ్డబొమ్మ, మూతలు. పిల్లాడి ‘ఊ’కు పెద్దవాళ్లు ‘ఊ’ కొట్టగానే వినడం, ముఖం చదవడం, వంతు కోసం ఆగడం, శబ్దం చేయడం అనే నాలుగు పనులు ఒకేసారి సాధనలోకి వస్తాయి. ఎదుటి మనిషి ఊకొట్టకపోతే బిడ్డ కాసేపు ప్రయత్నించి మానేస్తుంది. టీవీ ఎంత మాట్లాడినా ఊకొట్టదు. ఫోన్ కూడా అంతే.

ఒడిశాలోని కటక్ మురికివాడల్లో ఇదే పద్ధతిని స్థానిక మహిళలతో పద్దెనిమిది నెలలు నడిపి చూశారు. 54 వాడలు, 421 మంది పిల్లలు. ఇక్కడా తెలివితేటల పరీక్షల్లో తేడా కనిపించింది. ఇంటింటికీ తిరిగినవాళ్లు డాక్టర్లు కాదు, నిపుణులు కాదు. శిక్షణ పొందిన పక్కవాడ ఆడవాళ్లు.

తెలుగిళ్లలో దీనికి పునాది ఉంది. చాచిన కాళ్ల మీద పసిబిడ్డను పడుకోబెట్టుకుని నలుగు పెట్టి నీళ్లుపోసే అమ్మమ్మ, ఆ అరగంటా బిడ్డ ముఖంలోకి చూస్తూ మాట్లాడుతూనే ఉంటుంది. స్పర్శ, చూపు, మాట అన్నీ ఒక్కచోటే. (ముక్కులో, చెవిలో నూనె పోసే అలవాటును మాత్రం మానుకోవాలి. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.) ఆ అమ్మమ్మకూ కూలికి పోక తప్పని రోజులు వస్తే ఆ అరగంట పది నిమిషాలవుతుంది. పేదరికం మెదడును తాకే దారుల్లో ఇదొకటి. ప్రేమకు లోటుండదు, సమయానికే లోటు.

గార్లలో ఏ భాషలో అడగాలి?

ఈ సాయం పల్లెకు ఎలా చేరుతుందో గార్లలో చూద్దాం. కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో మహబూబాబాద్, డోర్నకల్ మధ్య వచ్చే చిన్న స్టేషన్ గార్ల. 2016 అక్టోబరులో మహబూబాబాద్ జిల్లా ఏర్పడినప్పుడు బయ్యారంతో పాటు ఖమ్మం జిల్లా నుంచి వచ్చి చేరిన మండలం ఇది. చుట్టూ లంబాడా తండాలు, కోయ గూడేలు.

తండాలో బిడ్డ మొదట వినేది లంబాడీ. అంగన్‌వాడీలో వినేది తెలుగు. రెండేళ్ల పిల్లకు బొమ్మ చూపించి ‘ఇదేంటి?’ అని తెలుగులో అడిగితే జవాబు రాకపోవచ్చు. దాన్ని మాటల ఆలస్యం కింద రాసుకుంటే తప్పు. దానికి తలకిందులుగా, నిజంగా ఆలస్యం ఉన్న బిడ్డను ‘ఇంట్లో వేరే భాష కదా, అందుకే’ అని వదిలేస్తే ఇంకా పెద్ద తప్పు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆగిపోవు. రెండు భాషల్లోనూ వచ్చిన పదాలు కలిపి లెక్కేయాలి. ఆ లెక్క వేయగలిగేది తల్లీ, తండాకే చెందిన టీచరో ఆయానో. జిల్లా నుంచి వచ్చిన బృందం పది నిమిషాల్లో వేయలేదు.

ఆ బృందం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమానిది. 2013 ఫిబ్రవరిలో దేశంలో మొదలైన ఈ కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి రావాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదలలో ఆలస్యం చూడాలి. తేడా ఉన్నవాళ్లను జిల్లా స్థాయి ముందస్తు చికిత్స కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపాలి. ఒకే కప్పు కింద పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, మాటల థెరపిస్టు, సైకాలజిస్టు ఉండాలన్నది దాని రూపం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థలో (ఇప్పుడు దాని పేరు ఎన్‌ఐఈపీఐడీ) 2021 జూన్‌లో అన్ని రకాల వైకల్యాలకూ ఒకేచోట ముందస్తు సాయం అందించే కేంద్రం తెరిచారు. దేశంలో ఆ రోజు మొదలైనవి 14. గార్ల నుంచి అక్కడికి దాదాపు రెండు వందల కిలోమీటర్లు.

చీటీకీ చికిత్సకూ మధ్య

కాగితం మీద గొలుసు బాగానే ఉంది. ఆశా కార్యకర్త బాలింత ఇంటికి నెలన్నరలో ఆరుసార్లు పోతుంది. అంగన్‌వాడీ టీచరు నెలనెలా తూస్తుంది. వైద్య బృందం చీటీ రాస్తుంది. ఆ చీటీ పట్టుకుని వెళ్లాల్సింది తల్లి.

వానాకాలంలో పాకాల వాగు పొంగితే గార్ల–రాంపురం మధ్య రాకపోకలు ఆగిపోతాయి. పత్తి తీసే కాలంలో, మిర్చి ఏరే కాలంలో కూలి పనే ముఖ్యం. ఒక రోజు థెరపీకి పోతే ఒక రోజు కూలి పోయినట్టే, మీద చార్జీలు. ఫిజియోథెరపీ ఒకసారి పోయి తెచ్చుకునే మందు కాదు, నెలల తరబడి సాగాల్సిన సాధన. రెండోసారి రాని తల్లిని రిజిస్టరులో ‘శ్రద్ధ లేదు’ అని రాయడం తేలిక.

అందుకే చికిత్సను ఇంటి పనుల్లోనే కలిపేసే పద్ధతి మీద ఇప్పుడు అంత ఆసక్తి. వారానికి అరగంట థెరపిస్టు చేయించే వ్యాయామం ఒకటైతే, రోజూ స్నానం చేయించేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు, ఎత్తుకునేటప్పుడు చేయగలిగేది ఎన్నో రెట్లు. కాళ్లు బిర్రబిగుసుకునే బిడ్డను రెండు కాళ్లూ ఎడం చేసి చంకనెత్తుకోవడం, మెడ నిలవని బిడ్డను రోజుకు కొన్నిసార్లు మెలకువలో బోర్లా వేయడం, కూర్చోబెట్టేటప్పుడు వీపుకు గోడ మూల ఆసరా ఇవ్వడం. తల్లికి ఒకసారి సరిగ్గా చూపిస్తే ఇవి వాగు పొంగినా ఆగవు. మండలాల్లో సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లోని రిసోర్స్ పర్సన్లు ఈ పని చేయగలరు. కానీ అక్కడికి చేరే పిల్లలు చాలామంది బడి వయసు వాళ్లు.

కుటుంబానికి ప్రభుత్వం ఎదురయ్యే మొదటి చోటు చాలాసార్లు వైకల్య సర్టిఫికెట్టు కోసం పెట్టే సదరం క్యాంపు. అక్కడ అడిగేది వైకల్యం ఎంత శాతం అని. 40 లేదా ఆపైన ఉంటేనే చట్టం దృష్టిలో లబ్ధికి అర్హత. పింఛను అవసరమైన ఇంటికి అది అన్యాయమేమీ కాదు. కానీ ముందస్తు సాయం ఆ శాతం పెరగకముందే మొదలు కావాలి, అప్పుడు చూపించడానికి సర్టిఫికెట్టూ ఉండదు, శాతమూ ఉండదు. ‘ఎందుకో మెడ నిలబడట్లేదు’ అన్న తల్లి అనుమానం ఒక్కటే ఉంటుంది. ఆ అనుమానాన్ని అర్హతగా లెక్కేసే కౌంటరు ఊళ్లో ఒకటే, అంగన్‌వాడీ. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2023 నవంబరులో దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీలకు ప్రత్యేక విధివిధానాలు విడుదల చేసింది, తర్వాత పుట్టిన నాటి నుంచి మూడేళ్ల దాకా ఆటల కోసం ‘నవచేతన’ అనే చట్రాన్నీ తెచ్చింది. తూకం, గుడ్లు, రిజిస్టర్లు, ఫోన్ యాప్ అన్నీ మోస్తున్న టీచరు చేతిలోనే ఇదీ పెట్టారు. ఆమెకు అదనపు మనిషిని ఇవ్వకుండా ఎంత అదనపు పని ఇవ్వొచ్చన్నది మెదడు శాస్త్రం జవాబు చెప్పే ప్రశ్న కాదు.

[బాక్సు] ఎప్పుడు అడగాలి?

*మూడు నెలలు నిండినా మనిషిని చూసి నవ్వకపోతే. అయిదో నెలకూ మెడ నిలవకపోతే. పది నెలలకూ ఆసరా లేకుండా కూర్చోకపోతే. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోతే. ఏడాదిన్నరకు నడవకపోతే, ఒక్క మాటా రాకపోతే. రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనకపోతే. ఏ వయసులోనైనా, వచ్చిన మాటో పనో పోతే.*

*నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఎన్ని వారాలు ముందు పుట్టిందో అన్ని వారాలు వయసులోంచి తీసేసి చూడాలి. రెండు నెలలు ముందు పుట్టిన ఆరు నెలల బిడ్డను నాలుగు నెలల బిడ్డలా లెక్కేయాలి.*

*ఇవి జబ్బు ఉందని చెప్పే గుర్తులు కావు. ఆగకుండా ఒకసారి చూపించమని చెప్పేవి.*

టీకా రోజే పరీక్ష

ఈ మొత్తం వ్యవహారంలో కొత్తగా భవనం కట్టనక్కర్లేని చోటు ఒకటుంది. పిల్లలను చూడటానికి బృందం వచ్చేది ఏడాదికి రెండుసార్లే. టీకాకు మాత్రం తల్లులు మానకుండా వస్తారు: పుట్టగానే, ఆరు వారాలకు, పదికి, పద్నాలుగుకు, తొమ్మిదో నెల నిండాక, మళ్లీ పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య. ఈ తేదీలు ఎదుగుదల మెట్లకు దగ్గర్లోనే పడతాయి. ఆరు వారాల టీకా వేళకు నవ్వు మొదలవుతుంటుంది. పద్నాలుగో వారానికి మెడ నిలదొక్కుకుంటుంటుంది. తొమ్మిది నెలలకు కూర్చోవాలి. పదహారు నెలల తర్వాతి టీకాకు నడక, నాలుగు మాటలు రావాలి.

బుధ, శనివారాల్లో ఏఎన్‌ఎం సూది వేసే ముందు ఒకే ఒక్క ప్రశ్న అడిగి, తల్లి చేతిలోని తల్లీబిడ్డల కార్డులో ఆ వయసుకు ఉన్న బొమ్మ దగ్గర టిక్కు పెట్టడానికి నిమిషం పట్టదు. ఆ బొమ్మల పేజీ కార్డులో ఎప్పటి నుంచో ఉంది. చాలా కార్డుల్లో టీకాల పేజీ చేతి మరకలతో నలిగిపోయి ఉంటుంది, బొమ్మల పేజీ మాత్రం కొత్తగా ఉంటుంది.